నొప్పులప్పుడు పక్కన ఎవరుండాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కాన్పు గురించే. ఓరుగల్లు చుట్టుపక్కల ప్రభుత్వ దవాఖానల్లో 34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. అందులో ఎక్కువ కాలం గడిచింది లేబర్ రూములోనే. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

*సిస్టర్, నాకు 23 ఏళ్లు. మాది నర్సంపేట దగ్గర పల్లె. తొలి కాన్పు, ఎనిమిదో నెల నడుస్తోంది. బిడ్డ తల కిందికే ఉంది, అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పింది. కానీ మా తోటికోడలు, నా దోస్తులు "ఆ నొప్పులు నువ్వు పడలేవు, ముందే పెద్దాపరేషన్ చేయించుకో" అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నొప్పులు నిజంగా అంత భరించలేనివా? నేను ఎట్లా సిద్ధం కావాలి?*

బిడ్డా, నొప్పి ఉంటుంది. ఉండదని చెప్పి నిన్ను లోపలికి పంపితే నేను నీకు అన్యాయం చేసినట్టే. కానీ నీ తోటికోడలు చెప్పని లెక్క ఒకటుంది, అది విను. కాన్పు నొప్పి పంటినొప్పిలా పట్టుకుని వదలనిది కాదు. వస్తుంది, పెరుగుతుంది, దిగిపోతుంది. మంచి జోరు మీద ఉన్నప్పుడు కూడా పది నిమిషాల్లో మూడు నాలుగు నొప్పులు వస్తాయి, ఒక్కోటి నలభై సెకన్ల నుంచి నిమిషం దాకా ఉంటుంది. అంటే పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు నొప్పి, ఆరు నిమిషాలు సందు. ఆ ఆరు నిమిషాల్లో కునుకు తీసిన ఆడవాళ్లను నేను కళ్లారా చూశాను. నొప్పి పోయాక కూడా "మళ్లీ వస్తది, మళ్లీ వస్తది" అని బిగుసుకుని కూర్చున్నవాళ్లే తొందరగా అలసిపోయేవాళ్లు.

మొదట వచ్చే నొప్పులు చిన్నవి, దూరదూరంగా వస్తాయి. తొలి కాన్పుకు ఈ దశ ఒక రోజంతా సాగినా వింత కాదు. అప్పుడు ఇంట్లోనే ఉండి తిను, పడుకో, స్నానం చెయ్యి. గర్భాశయం ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తర్వాతే అసలు కాన్పు దశ మొదలైనట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అక్కడి నుంచి పూర్తిగా 10 సెంటీమీటర్లు తెరుచుకోవడానికి తొలిచూలుకు 12 గంటల దాకా పట్టొచ్చు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గంటకో సెంటీమీటరు తెరుచుకోకపోతే మాకు కంగారు, వెంటనే సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కించేవాళ్లం. అందరి ఒళ్లు ఆ లెక్కన నడవదని ఇప్పుడు ఒప్పుకున్నారు. అప్పట్లో మా తొందరకు ఎక్కువ నొప్పి పడ్డవాళ్లు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

భయానికీ నొప్పికీ సంబంధం ఉంది. భయపడ్డప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్, గర్భాశయాన్ని కదిలించే ఆక్సిటోసిన్‌ను వెనక్కి లాగుతుంది. నొప్పులు మందగిస్తాయి, కాన్పు ఆలస్యమవుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. అందుకే ఒంటితో పాటు మనసును కూడా ఇప్పటి నుంచే అలవాటు చెయ్యాలి.

ఈ రోజు నుంచే సాయంత్రం పది నిమిషాలు కూర్చో. ముక్కుతో గాలి తీసుకుని, నోటితో నిదానంగా వదులు. వదిలేటప్పుడు దవడ వదులుగా ఉండాలి, అరచేతులు తెరిచి ఉండాలి. దీన్ని నేను ఆడపిల్లలకు బతుకమ్మతో చెప్పేదాన్ని. బతుకమ్మ ఆడుతూ వరుస చివర "ఉయ్యాలో" అని ఎట్లా సాగదీస్తాం? గొంతు కిందికి దిగుతుంది, నోరు గుండ్రంగా తెరుచుకుంటుంది, ఊపిరంతా బయటికి పోతుంది. నొప్పి వచ్చినప్పుడు అచ్చం అట్లాగే వదలాలి. "అమ్మా" అని పై గొంతుతో కేక పెడితే ఒళ్లంతా బిగుసుకుంటుంది. అదే "ఉయ్యాలో" అని కింది గొంతుతో సాగదీస్తే నడుము దాకా వదులవుతుంది. ఒకసారి చేసి చూడు, నీకే తెలుస్తుంది.

డాక్టరమ్మ వద్దనకపోతే రోజూ అరగంట నడువు. నొప్పులప్పుడు కూడా నడవొచ్చు, కూర్చోవచ్చు, గోడ పట్టుకుని నిలబడొచ్చు. పడుకుంటే ఎడమ పక్కకు తిరిగి పడుకో. వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు వీపు దగ్గరి పెద్ద రక్తనాళం మీద పడుతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. ఐరన్ గోళీ మానకు. ఐరన్ గోళీ, క్యాల్షియం గోళీ ఒకేసారి మింగకు, ఒకదాన్ని ఇంకోటి పనిచేయనివ్వదు. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే ఇప్పుడే అడుగు, ఇంకా సమయం ఉంది. రోజూ అన్నం తిన్నాక ఎడమ పక్కకు పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టు. రెండు గంటల్లో పది రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, దవాఖానకు వెళ్లిపో.

ఇక ఆపరేషన్ మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో 80 దాటింది. ఎక్కడైనా నూటికి 10 నుంచి 15 వరకే అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. మన ఆడవాళ్లకు మాత్రమే ఇంతమందికి ఒళ్లు సహకరించడం లేదంటే నేను నమ్మను. అయితే మాయ కిందికి ఉండి దారి మూసేసినా, బిడ్డ అడ్డం తిరిగినా, నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు పడిపోయినా ఆపరేషనే ఇద్దరినీ బతికిస్తుంది. అట్లాంటి అవసరం వచ్చి డాక్టరమ్మ చెబితే ఒక్క నిమిషం కూడా ఆలోచించకు, తర్వాత ఎవరేమన్నా చిన్నబుచ్చుకోకు. తోటికోడలి మాట మీద మాత్రం కడుపు కోయించుకోవద్దు.

సంచి సంగతి తేలికే. ఉతికి ఎండలో ఆరేసిన పాత మెత్తటి చీర ముక్కలు, ముందు గుండీలున్న నైటీలు, ప్యాడ్లు, పిల్లకు టోపీ, గ్లాసు, చెంచా. తల్లీబిడ్డ కార్డు, స్కానింగ్ కాగితాలు, బ్లడ్ గ్రూపు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఒక కవర్లో. పుట్టకముందు పిల్లకు కొత్త బట్టలు కొనొద్దంటారు కదా, కొనకు. పాత బట్టలే మెత్తగా ఉంటాయి.

కాన్పుకు తల్లిగారింటికి పోతున్నట్టయితే మాత్రం ఒకటి మరువకు. ఇన్నాళ్లు చూపించుకున్నది ఒక చోట, కాన్పు ఇంకో చోట. తొమ్మిదో నెల పడగానే అక్కడి దవాఖానకు కాగితాలతో ఒకసారి పోయి రా. లేబర్ రూము ఎక్కడుందో చూసి రా. కొత్త చోటుకు అర్ధరాత్రి నొప్పులతో పోవడం కన్నా తెలిసిన చోటుకు పోవడం ఎంతో నయం.

*అమ్మా, ఈ నెలలోనే మా బిడ్డ కాన్పు. మాది పరకాల. దవాఖానలో ఒక ఆడమనిషిని లోపలికి రానిస్తామన్నారు, నన్నే రమ్మంటోంది. బిడ్డ ఏడుస్తుంటే నేను చూడలేను. లోపల ఉండి నేనేం చేస్తాను? వదినను పంపితే సరిపోదా?*

మీ ఉత్తరం చదివాక నా తొలి కాన్పు గుర్తొచ్చి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అది 1987. అప్పటికే నేను నర్సును, నా చేతుల మీద ఎన్నో కాన్పులు అయ్యాయి. అయినా నా వంతు వచ్చేసరికి చదివిందంతా ఎటు పోయిందో తెలియదు. ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో రాత్రి పదింటికి చేర్చుకున్నారు. మా అమ్మను వరండాలోనే ఆపేశారు. నన్ను పచ్చ కర్టెన్ వెనక ఇనుప మంచం మీద పడుకోబెట్టి, గంటకోసారి వచ్చి చూసి వెళ్లిపోయేవాళ్లు. గోడ గడియారం చప్పుడు, పక్క గదిలో ఎవరో దగ్గడం. నొప్పి కన్నా ఆ ఒంటరితనమే నన్ను ఎక్కువ కుంగదీసింది. తెల్లవారుజామున ఊడవడానికి వచ్చిన ఆయమ్మ, మిల్లు కాలనీ నుంచి వచ్చేది, నన్ను చూసి చీపురు గోడకు ఆనించింది. ఏమీ అడగలేదు. నన్ను పక్కకు తిప్పి, తన పిడికిలి నా నడుము కింది ఎముక మీద పెట్టి ఒత్తింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఒత్తేది, పోగానే తీసేది. "నేనున్న గదా" అన్నది ఒక్కటే మాట. ఆరున్నరకు నా కొడుకు పుట్టాడు. చదువులో నేర్వనిది ఆ రెండు గంటల్లో ఆమె చేతి నుంచి నేర్చుకున్నాను. ఆ తర్వాత నా డ్యూటీలో ఏ ఆడమనిషినీ ఒంటరిగా నొప్పులు పడనీయలేదు, నాకు వీలైనంత వరకు.

కాబట్టి మీరే లోపలికి వెళ్లండి. ప్రభుత్వ దవాఖానల్లో నొప్పులు పడే మనిషి పక్కన ఒక ఆడతోడు ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. తానూ కన్న మనిషైతే మంచిదని కూడా చెప్పింది. మీకు ఆ అర్హత ఉంది.

ఏం చేయాలో చెప్తాను. వీపు కింది భాగంలో, పిరుదుల మధ్య మొదలయ్యే వెడల్పాటి ఎముక ఉంటుంది. నొప్పి మొదలవగానే పిడికిలితో గానీ మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో గానీ అక్కడ గట్టిగా ఒత్తండి. ఎంత గట్టిగా అన్నది ఆమెనే చెప్పనివ్వండి, మీరు అనుకున్నదానికన్నా గట్టిగానే అడుగుతుంది. నొప్పి పోగానే చెయ్యి తీసేయండి. నీళ్లు ఇవ్వచ్చని సిస్టర్ చెబితే ప్రతి నొప్పి తర్వాత రెండు గుక్కలు. రెండు గంటలకోసారి మూత్రానికి తీసుకెళ్లండి, నిండిన మూత్రాశయం బిడ్డ తలకు అడ్డుపడుతుంది. తడిగుడ్డతో మొహం తుడవండి. ఆమె భుజాలు పైకి లేస్తే మీ చెయ్యి భుజం మీద వేయండి, మాట అవసరం లేదు.

చేయకూడనివి కూడా ఉన్నాయి. "ఓర్చుకో, ఊరంతా వినిపిస్తోంది" అని అనొద్దు. "నేను నిన్ను కన్నప్పుడు" అని మీ కథ ఆ రోజు చెప్పొద్దు. సిస్టర్ చెప్పేదాకా "ముక్కు, ముక్కు" అని తొందర పెట్టొద్దు, గర్భాశయం ముఖం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కితే ఆమె బలమంతా వృథా. కడుపు పైనుంచి ఒత్తడం అసలే వద్దు, ఎవరైనా ఒత్తబోయినా ఒప్పుకోవద్దు. దాంతో గర్భాశయమే చిరిగిన సందర్భాలున్నాయి. ఫోన్ బయట ఎవరికైనా ఇచ్చి వెళ్లండి. కళ్లు తిరిగినట్టనిపిస్తే కింద కూర్చోండి, అందులో సిగ్గేమీ లేదు. బీపీ గోళీ వేసుకుని, ఏదైనా తిని వెళ్లండి. తెల్లారేదాకా మీకూ ఓపిక కావాలి.

బిడ్డ ఏడిస్తే చూడలేనన్నారు. ఆమె ఏడుపు ఆపడం మీ పని కాదు. ఏడ్చేటప్పుడు అక్కడ ఉండటమే మీ పని.

బిడ్డ బయటపడగానే తల్లి రొమ్ము మీద వేయమని అడగండి. బిడ్డ బాగుంటే బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోస్తారు, అది బిడ్డకు రక్తం. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించండి. తేనె, చక్కెర నీళ్లు ఎవరు తెచ్చినా తిరిగి పంపేయండి. ఆ తర్వాత అందరి చూపూ పిల్ల మీదే ఉంటుంది. మీరు మాత్రం మీ బిడ్డ వైపు చూడండి. గంట తిరగకుండానే ప్యాడ్ పూర్తిగా తడిసినా, ఒళ్లు చల్లబడినా, మొహం తెల్లబోయినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. కాన్పులో ప్రాణం పోవడానికి పెద్ద కారణం ఈ రక్తస్రావమే, అది ముందుగా కంటపడేది పక్కనున్న మనిషికే.

*తొమ్మిదో నెలలో ఆముదం తాగితే నొప్పులు తొందరగా వస్తాయని మా నాయనమ్మ అంటోంది. తాగొచ్చా? (జనగామ నుంచి)*

వద్దు తల్లీ. విరేచనాలై ఒంట్లో నీళ్లు పోతాయి, కాన్పుకు ముందే నీరసం. నొప్పులు వచ్చినా వరుస లేకుండా రావొచ్చు. నాయనమ్మను నొప్పించకుండా, ఆ ఆముదం నీ పాదాలకు రాయమని అడుగు.

*అక్కా, మా కోడలికి తొమ్మిదో నెల. మామూలు కాన్పు అవుతుందనే అంటున్నారు. కానీ తేదీ దగ్గర మూల నక్షత్రం పడుతోంది. అయ్యగారు రెండు వారాల ముందు మంచి ముహూర్తం ఉందన్నారు. ఆ రోజు ఆపరేషన్ చేయించమంటే కొడుకు, కోడలు మొహం మాడ్చుకుంటున్నారు. ఇద్దరికీ మంచి కోరే కదా చెప్పేది? (హన్మకొండ)*

మీరు మంచి కోరే చెబుతున్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ రెండు వారాల ముందు అంటే ఏమవుతుందో నేను చూసింది చెప్తాను. తొమ్మిది నెలలు నిండాయని మనం అనుకుంటాం గానీ బిడ్డ ఊపిరితిత్తులకు ఆఖరి రెండు వారాలు చాలా ముఖ్యం. 39 వారాలు నిండకుండా, నొప్పులే రాకుండా ఆపరేషన్ చేసి తీసిన పిల్లల్లో కొందరు ఆయాసపడతారు. ముక్కుపుటాలు ఎగరేస్తూ, డొక్కలు లోపలికి పోతూ ఊపిరి తీస్తారు. అప్పుడు బిడ్డను నవజాత శిశువుల వార్డుకు తీసుకుపోతారు. మంచి ముహూర్తానికి పుట్టిన పిల్ల ఒక అంతస్తులో, కుట్లతో తల్లి ఇంకో అంతస్తులో. మూడు రోజులు తల్లిపాలు పిండించి గిన్నెలో పంపిన నాయనమ్మలు కంటతడి పెట్టుకోవడం నేను చూశాను. వాళ్లకు నేను ఏమీ అనలేకపోయేదాన్ని.

మన పెద్దలు పుట్టిన గడియ చూసి జాతకం రాయించారు. జాతకం చూసి పుట్టించలేదు. లెక్కగట్టిన తేదీ కూడా ఒక అంచనానే. ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి 280 రోజులు కట్టిన లెక్క అది. సరిగ్గా ఆ రోజే కనేది నూటికి అయిదుగురు కూడా ఉండరు. మూల నక్షత్రం నాడే పుడుతుందని ఇప్పుడే బెంగ పెట్టుకోవడం ఎందుకు? ఒకవేళ పుడితే శాంతి చేయించండి, అయ్యగారే చేస్తారు. వైద్యపరంగా ఆపరేషన్ తప్పదని తేలితే, 39 వారాలు దాటాక డాక్టరమ్మ ఇచ్చిన రోజుల్లో మంచి గడియ చూసుకోండి, దానికి ఎవరూ కాదనరు. ఈలోగా కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని "నీ ఇష్టం వచ్చినట్టే కానీయ్ బిడ్డా" అని ఒక్క మాట అనండి. నొప్పులప్పుడు పక్కన ఎవరుండాలని అడిగితే ఆమె మీ పేరు చెప్పొచ్చు.

*మేడం, మాది ఏటూరునాగారం అవతల వాగు దాటితే వచ్చే ఊరు. నా భార్యకు ఆగస్టు రెండో వారం అని రాశారు. రెండో కాన్పు. మొదటిది మామూలుగానే అయింది. నొప్పులు ఎప్పుడు మొదలైతే బయల్దేరాలి? నేను లోపలికి రాలేను కదా, మగవాణ్ని ఏం చేయగలను?*

తమ్ముడూ, నీ ప్రశ్నకు నేను మామూలుగా చెప్పే జవాబు వేరు. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి ఇంకో నొప్పి మొదలయ్యేదాకా ఎంత సేపో చూడాలి. అయిదు నిమిషాలకోసారి వస్తూ, ఒక్కోటి నిమిషం ఉంటూ, గంటసేపు అట్లాగే సాగితే బయల్దేరాలి. ఇది వరంగల్‌లో ఉన్నవాళ్లకు, తొలి కాన్పు వాళ్లకు. మీకు ఇది పనికిరాదు. రెండో కాన్పు తొందరగా అవుతుంది. ఆగస్టు వాగు ఎవరి మాటా వినదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్ల పైన వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయి ఎట్లా మునిగిందో నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

అందుకే నొప్పుల కోసం ఎదురుచూడొద్దు. తేదీకి కనీసం పది రోజుల ముందే వాగు ఇవతలికి వచ్చేయండి. ఏటూరునాగారం దవాఖానకు దగ్గర్లో చుట్టాలుంటే అక్కడ, లేకపోతే మీ ఆశమ్మను, ఏఎన్ఎంను అడుగు. వానాకాలంలో నెలలు నిండిన ఆడవాళ్లను ముందే తెచ్చి దవాఖాన దగ్గర ఉంచే ఏర్పాటు మీ ఏజెన్సీలో చేస్తూనే ఉన్నారు. వాళ్ల జాబితాలో నీ భార్య పేరు ఉందో లేదో నువ్వే చూడు.

మగవాణ్ని ఏం చేయగలనన్నావు. బయట పనంతా నీదే. 108 ఎక్కడిదాకా రాగలదో ముందే తెలుసుకో. రాలేని రోజుకు ఒక ట్రాక్టరు గానీ జీపు గానీ మాట్లాడి పెట్టు, ఆ డ్రైవరు నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. నీ భార్య గ్రూపు రక్తం ఉన్న ఇద్దరు మనుషులను అడిగి పెట్టుకో. ములుగు గానీ వరంగల్ గానీ పంపాల్సి వస్తే, ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు, పెద్ద పిల్లను ఎవరి దగ్గర వదలాలో కూడా ఇప్పుడే అనుకోండి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకున్నా కదలండి. ఆ నీరు పచ్చగా ఉన్నా, రక్తం పోయినా, తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, మూర్ఛ వచ్చినా నిమిషం ఆగొద్దు.

లోపల ఆమె పక్కన ఎవరుంటారో ఆమెనే అడుగు. మీ అమ్మా, వాళ్లమ్మా, అక్కా అన్నది నువ్వు నిర్ణయించొద్దు. ఆ పేరు తెలిశాక, పైన పరకాల తల్లికి రాసిన జవాబు ఆ మనిషికి చదివి వినిపించు. పిడికిలి ఎక్కడ పెట్టాలో నీ భార్య వీపు మీదే చూపించి నేర్పించు.